మూడు మిల్లీమీటర్ల మెత్తన

చింతాద్రిపేటలో చేపల సంత సర్దుకున్నాక
మెట్లెక్కి వచ్చాడు బాలకోటయ్య.
గొడుగు గుమ్మం బయట వదిలి
టిఫిను డబ్బా మూత తీశాడు.
అడుగున గుప్పెడు బియ్యం, చెమ్మ పట్టకుండా,
పైన కెమెరా.
"లోపలంతా చీమలు వకుళమ్మా" అన్నాడు.

కన్ను పెట్టి చూశాను. చీమలు కావు.
అద్దం ఎగిరి కొట్టుకునే చోట
సన్నటి స్పాంజి పట్టీ ఒకటుంటుంది.
కొన్నవాడు చూడడు, అమ్మినవాడు చెప్పడు.
మీట నొక్కినప్పుడల్లా దెబ్బ దానికి.
నలభై ఏళ్ళు కిక్కురుమనకుండా ఉండి
ఈ ఊరి ఉక్కకి
తారులా కరిగి రాలుతుంది.
ఇప్పుడు నొక్కితే ఠాప్!
తలుపు విసిరికొట్టినట్టు.

భీమా కంపెనీ సర్వేయరాయన.
ఆ కెమెరా ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు.
చూసిందల్లా
శ్రీపెరుంబుదూరు రోడ్డు మీద మూతి పగిలిన లారీలు,
తడ దాటాక పల్టీ కొట్టిన కోళ్ళ వ్యాను,
సొట్టబోయిన తలుపులు, సొట్ట పక్కన స్కేలు.
"మనుషులకేమైందని అడిగే గడి
మా ఫారంలో లేదమ్మా.
అది వేరే ఫారం."

అద్దం మీద కాగితం కప్పాను.
వెదురు పుల్ల కొసన స్పిరిట్ తడి,
చుక్క కాదు, తడి.
గీకుతుంటే ఊడొస్తోంది
మాడిన పాకంలా, నల్లగా, సాగుతూ.
ఇంట్లో అద్దంలాంటిది కాదిది,
వెండి పూత ముందు వైపే ఉంటుంది.
అంథోనీ మేస్త్రి దగ్గర చేరిన కొత్తలో
ఒకదాన్ని ఓణీ కొంగుతో తుడిచేశాను.
ఆయన తిట్టలేదు,
జీతంలో కోతా పెట్టలేదు.
అందుకే ఇంకా బాకీ ఉన్నట్టుంటుంది.

రిచీ స్ట్రీట్‌లో తెచ్చిన షీటు,
మూడు మిల్లీమీటర్ల వెడల్పున కోశాను.
మందమైతే అద్దం పూర్తిగా లేవదు,
పల్చనైతే దెబ్బ ఇనుముకే తగులుతుంది.
జిగురు వైపు నాలికతో తడిపాను.
"ఎంగిలా?"
ఎంగిలే.
పొడిగా పెడితే వంకరైనా సరే పట్టేస్తుంది.
ఈ తడి ఆరేదాకా, ముప్పై లెక్కపెట్టేంతసేపు,
అటూ ఇటూ జరుపుకోవచ్చు.
తప్పు దిద్దుకోడానికి మేస్త్రి నేర్పిన గడువు అంతే.

పట్టకారుతో ఎత్తాను.
సరిగ్గా అప్పుడే వంతెన మీద వేళచ్చేరి రైలు,
బల్ల వణికింది,
పట్టీ గాల్లో ఆగింది.
ఇద్దరం రైలు పోయేదాకా
ఊపిరి తీసుకోలేదు.

రాత్రంతా ఆరాలి, రేపు రమ్మన్నాను.
వాన వంకన కూర్చుండిపోయాడు.
ఊరుకోలేక చెప్పాను:
మీట నొక్కగానే అద్దం లేస్తుంది కదా,
ఆ రెప్పపాటు కంటికి చీకటి.
ఫిల్ము చూసినదాన్ని
తీసినవాడు చూడడు.

"అయితే మూడువేల బళ్ళూ
నేను చూడనివేనన్నమాట" అని నవ్వాడు.
తరవాత నవ్వలేదు.
"వాలాజాబాద్ దగ్గర ఒక టెంపో.
క్లీనరు కుర్రాడి చెప్పు, ఒక్కటే,
స్కేలుకి అడ్డొచ్చింది.
కాలితో పక్కకి నెట్టి తీశాను.
ఫొటోలో లేదది.
అదొక్కటే బాగా చూశాను."

నేనేమీ అనలేదు.
స్క్రూలు లెక్కపెట్టుకున్నాను. నాలుగు.
మళ్ళీ లెక్కపెట్టాను.

మర్నాడు వచ్చి
కెమెరా ఎత్తి కంటికి కాదు
చెవికి ఆనించుకున్నాడు.
టుప్.
లోపల ఫిల్ము లేదు.
మీట తిప్పి మళ్ళీ. టుప్.
ఎన్నిసార్లో.
రెండొందలిచ్చి, చిల్లర వద్దని,
డబ్బాలో బియ్యం సమంగా పరిచి
దాని మీద పెట్టుకుని దిగిపోయాడు.

రాత్రి అన్నం కలుపుతుంటే
బొటనవేలి గోరు కింద
సన్నటి నల్ల గీత.
రెండుసార్లు సబ్బు పెట్టినా
పోలేదు.